పెళ్ళి వీడియోల నుంచి సముద్రం అడుగుకి, చిత్తూరోడికి దారుందా?

బావిఈత (రాత్రి 11:48)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళు చదవండి.

నాది చిత్తూరు పక్కన పల్లె, పని తిరుపతిలో. వయసు 27, ఏడేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను. ముహూర్తాలుంటే నిద్ర ఉండదు, తెల్లవారుజామున కొండ మీద తాళి, దిగొచ్చి మధ్యాహ్నం రిసెప్షన్, రాత్రికి ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి. ఆషాఢం వస్తే లెన్సులు తుడుచుకుంటూ కూర్చోవడం. డబ్బులు పర్వాలేదు. కానీ ఈ మధ్య ఒకే వీడియోని పేర్లు మార్చి తీస్తున్నట్టుంది.

పోయిన నెల ఫ్రెండ్స్‌తో పాండిచ్చేరి పోతే ఒకరోజు డైవింగ్ చేయించారు. ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి పట్టుకుని పది మీటర్ల లోపే తిప్పాడు, నా చేతిలో చిన్న యాక్షన్ కెమెరా. పైకొచ్చి చూసుకుంటే ఫుటేజ్ అంతా పాచి రంగు, ఒక్క షాటూ నిలకడగా లేదు, ఏడేళ్ళ సర్వీసున్న కెమెరామన్‌ని అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. కానీ అడుగున ఇసకలో ఒక చేప నన్ను చూసి ఓ పది సెకన్లు కదలకుండా ఉండిపోయింది. పది సెకన్లే. ఇంటికొచ్చాక పెళ్ళి ఎడిట్ చేస్తూ కూడా అదే గుర్తొస్తోంది.

అప్పట్నించి రాత్రుళ్ళు కూర్చుని చదువుతున్నాను, టైటానిక్ దగ్గరికి దిగి షూట్ చేసినవాళ్ళ గురించి, సబ్‌మెర్సిబుల్స్ (మనుషుల్ని లోతుకి తీసుకుపోయే చిన్న జలాంతర్గాముల్లాంటివి) గురించి. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ఆశ్చర్యం. ప్రశ్న సూటిగా అడుగుతున్నా: డీప్ సీ కెమెరామన్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? డైవింగ్ కోర్సులా, పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట సినిమాటోగ్రఫీనా, లేక ఇంజనీరింగ్ చదివినోళ్ళకే ఆ పనా (నాది బీకాం)? ఈత వచ్చు, చిన్నప్పుడు నడుముకి బెండు కట్టి మా మామ బావిలోకి తోసేస్తే వచ్చిన ఈతే. ఇంట్లో చెప్తే మా నాయన ఒకటే మాట: "వెయ్యడుగులు బోరేసినా చుక్క పడని ఊళ్ళో పుట్టి నీకు సముద్రం అడుగు పనేందిరా?"

---

మామిడితాండ్ర

తిరుపతిలో కూర్చుని సముద్రం అడుగా సామీ? డ్రోన్ నేర్చుకో ముందు. పైనుంచి తీస్తే డబ్బులిస్తారు, కిందనుంచి తీస్తే ఎవరిస్తారు? పెళ్ళికూతుర్ని నీళ్ళలో ముంచుతావా ఏంది.

---

జెల్లీచేప

@మామిడితాండ్ర ఆ జోకు పాతబడిందండీ. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడే తిరుపతి జిల్లాకి సముద్రం వచ్చేసింది. సూళ్ళూరుపేట, శ్రీహరికోట, వాకాడు వైపంతా ఇప్పుడు మన జిల్లానే. పెళ్ళికూతుళ్ళని ముంచడం కూడా మొదలైంది, ప్రీ వెడ్డింగ్ షూట్లని స్విమ్మింగ్ పూల్లో తీస్తున్నారు.

అసలు ప్రశ్నకి నేను రాత్రికి వివరంగా రాస్తాను, ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నాను.

---

నీలిబుడగ

తమ్ముడూ, మాది రేణిగుంట. అండమాన్‌లో హేవ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) నాలుగేళ్ళు డైవ్ మాస్టర్‌గా చేసి, నాన్నకి బాగోలేక వచ్చేసి ఇప్పుడు అంగడి చూసుకుంటున్నాను. నాకు తెలిసింది చెప్తా.

నువ్వు రెండు పనుల్ని కలిపేస్తున్నావు. అండర్‌వాటర్ వేరు, డీప్ సీ వేరు. సరదాగా డైవింగ్ చేసేవాళ్ళకి హద్దు 40 మీటర్లు. మొదటి కోర్సు, అదే ఓపెన్ వాటర్ అంటారే, అది చేస్తే 18 మీటర్ల దాకా పోవచ్చు. టైటానిక్ ఉన్నది సుమారు 3,800 మీటర్ల కింద. ప్రతి పది మీటర్లకీ గాలి ఒత్తిడి అంత ఒత్తిడి అదనంగా మీద పడుతుంది, కాబట్టి ఎంత మొనగాడైనా సిలిండర్ కట్టుకుని అక్కడికి పోలేడు. అక్కడికి పోయేది యంత్రం. దాని సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా రాస్తారేమో చూద్దాం, నేను పైనున్న నలభై మీటర్ల సంగతే రాస్తా.

నీ ఫుటేజ్ పాచి రంగులో వచ్చిందన్నావు కదా, అది నీ తప్పు కాదు. నీళ్ళు ముందుగా మింగేసేది ఎరుపుని. అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు దాదాపు పోతుంది, తర్వాత నారింజ, పసుపు, చివరికి మిగిలేది నీలం, పచ్చ. పెళ్ళికూతురి ఎర్ర పట్టుచీరని ఇరవై మీటర్ల కిందికి తీసుకుపోతే నల్లగా కనపడుతుంది, నుదుటి మీద కుంకుమ మసి పెట్టినట్టుంటుంది. అందుకే లైట్ తీసుకుపోతారు, లేదా తెల్ల పలక ఒకటి పట్టుకుని ఆ లోతులో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా కెమెరా రంగుల్ని సర్దడం) చేసుకుంటారు. లోతు మారితే మళ్ళీ చేసుకోవాలి.

షాట్ నిలవకపోవడం మాత్రం నీదే. అక్కడ నీ గింబల్ (కెమెరా కుదుపుల్ని ఆపే పరికరం) నీ ఊపిరితిత్తులే. గాలి పీలిస్తే ఓ అడుగు పైకి లేస్తావు, వదిలితే దిగుతావు. పెళ్ళిళ్ళలో చేత్తో కెమెరా పట్టుకున్నప్పుడు షాట్ కదలకూడదని ఊపిరి బిగబట్టే అలవాటు మీకందరికీ ఉంటుంది. ఆ అలవాటు నీళ్ళలో మనిషిని చంపేస్తుంది. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి, బిగబట్టి పైకొచ్చావంటే ఆ గాలి రెండింతలవుతుంది, లోపల ఊపిరితిత్తి చినుగుతుంది. అందుకే కెమెరామన్లకి నేర్పేటప్పుడు నేను ఎక్కువ భయపడేవాణ్ణి, మిగతావాళ్ళు చేపల్ని చూసి మైమరచిపోతే వీళ్ళు ఫోకస్ చూసుకుంటూ గాలి మీటరు చూడరు. కోర్సు అయ్యాక కనీసం యాభై అరవై డైవ్‌లు కెమెరా ముట్టుకోకుండా చెయ్యి. వింటావని నమ్మకం లేదు, ఎవరూ వినలేదు.

ఇక ఓ రింగ్ సంగతి. కెమెరాని పెట్టే పెట్టెని హౌసింగ్ అంటారు, దాని మూత చుట్టూ ఒక రబ్బరు వలయం ఉంటుంది, నీళ్ళని బయట ఆపేది అదొక్కటే. దానికి గ్రీజు సన్నగా పట్టించి, వేలితో చుట్టూ తడిమి చూసి, అప్పుడు మూయాలి. నేను ఒకసారి పడవలో ఎవరితోనో మాట్లాడుతూ మూసేశాను. పద్నాలుగు మీటర్ల దగ్గర ముందు సన్నగా బుడగలు, గొలుసులాగా. ఏందా ఇది అని కెమెరా తిప్పితే గాజు బుడగ లోపల అర అంగుళం ఉప్పునీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. కెమెరా నాది కూడా కాదు, కస్టమర్‌ది. పైకి తెచ్చి విప్పితే ఓ రింగ్ మీద ఒక వెంట్రుక. నాదే. ఆ వెంట్రుక ఖరీదు నాకు అయిదు నెలల జీతం.

ఇంకో సంగతి, మనూరోళ్ళకి మాత్రమే పనికొచ్చేది. పాండిలో సాయంత్రం డైవ్ చేసి, రాత్రి బస్సెక్కి, తెల్లారి దర్శనం టికెట్ ఉందని నేరుగా కొండెక్కే బ్యాచ్‌లని చూశాను. వద్దు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే గోలీసోడాలో గోళీ నొక్కినప్పుడు బుస్సుమన్నట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు, 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా అదే లెక్క వర్తిస్తుంది. తిరుమల 850 మీటర్ల పైనే. మదనపల్లెవాళ్ళకీ ఇదే చెప్తున్నా, మీ ఊరే 600 మీటర్లు దాటి ఉంది, ఒకరోజు పాండిలోనే పడుకుని బయల్దేరండి.

---

బావిఈత

అన్నా, ఊపిరి బిగబట్టేది కరెక్టుగా పట్టుకున్నావు. తాళి కట్టే షాట్‌కి ఇప్పటికీ బిగబడతాను. నాకు తెలీకుండానే.

ఓపెన్ వాటర్ కోర్సుకి ఎంతవుతుంది, ఎన్ని రోజులు? ఈత పరీక్ష ఉంటుందా?

---

నీలిబుడగ

మూడు నాలుగు రోజులు. ముప్పై వేల చుట్టుపక్కల, చోటుని బట్టి మారుతుంది. ఈత అంటే ఆగకుండా 200 మీటర్లు, టైమ్ లిమిట్ లేదు, తర్వాత పది నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా నీళ్ళ మీద తేలుతూ ఉండాలి. బావి ఈతగాళ్ళు దూకడంలో సింహాలు, ఈ తేలే పది నిమిషాల్లోనే తేలిపోతారు :) ఆస్తమా, చెవి, సైనస్ ఏదైనా ఉంటే డాక్టరు కాగితం కావాలి. జలుబుంటే దిగొద్దు, చెవి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాండి వైపు వానలు, తుఫాన్లు, అప్పుడు పోయి డబ్బు పోగొట్టుకోవద్దు.

---

పలమనేరు_కేబుల్

నీలిబుడగ గారు నలభై మీటర్ల దగ్గర వదిలారు కాబట్టి అక్కడనుంచి నేను అందుకుంటా.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. పదకొండేళ్ళుగా ఆర్‌ఓవీ మీద పని. అంటే మనిషి లేకుండా కేబుల్ కట్టి ఓడ మీదనుంచి దింపే యంత్రం. మొదట కాకినాడ అవతల గ్యాస్ బావుల దగ్గర, తర్వాత బయటి దేశాల్లో. నేను సినిమాటోగ్రాఫర్‌ని కాదు, కానీ సముద్రం అడుగుని రోజుకి పన్నెండు గంటలు తెర మీద చూసేవాణ్ణి. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తడవలేదు. ఓడ మీద ఏసీ కంటైనర్‌లో కూర్చుని జాయ్‌స్టిక్ తిప్పుతాం, కింద అది కదులుతుంది.

డీప్ సీ షూటింగ్ అంటే నూటికి తొంభై ఇదే తమ్ముడూ. టైటానిక్‌ని ఎలా కనుక్కున్నారో చదివే ఉంటావు. 1985లో అమెరికా వైపు నుంచి సముద్ర పరిశోధకుడు రాబర్ట్ బల్లార్డ్, ఫ్రెంచ్ వైపు నుంచి జాన్ లూయీ మిషెల్. ఎవరూ కిందికి దిగలేదు. ఆర్గో అనే స్లెడ్జి లాంటి చట్రానికి వీడియో కెమెరాలు బిగించి, ఓడ వెనకాల కేబుల్‌తో అడుగుకి కాస్త పైన లాక్కుంటూ పోయారు, పైన వంతులేసుకుని తెర ముందు కూర్చున్నారు. రోజుల తరబడి బురద, బురద, బురద. సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఒంటిగంట దాటాక తెర మీదికి బాయిలర్ వచ్చింది, అంతే. ఆ ఓడ మీద రాల్ఫ్ వైట్ అని ఒక కెమెరామన్ ఉన్నాడు, తర్వాతి ఏళ్ళలో సబ్‌మెర్సిబుల్స్‌లో ఆయన టైటానిక్ దగ్గరికి చాలాసార్లు దిగాడు. నువ్వు అడుగుతున్న ఉద్యోగానికి అసలైన ఉదాహరణ కావాలంటే ఆయన్నే చూడు. అలాంటివాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మామిడితాండ్ర అన్న "డబ్బులెవరిస్తారు" అన్నాడే, వెక్కిరింపే కావచ్చు గానీ అదే సరైన ప్రశ్న. ఆ వెతుకులాటలో బల్లార్డ్ వైపు డబ్బు పెట్టింది అమెరికా నేవీ. మునిగిపోయిన వాళ్ళ అణు జలాంతర్గాములు రెండు, థ్రెషర్, స్కార్పియన్, వాటిని చూసి రమ్మని పంపారు. అది అయ్యాక మిగిలిన రోజుల్లో టైటానిక్‌ని వెతికారు. ఇప్పటికీ అంతే. ఓడ కావాలి, కేబుల్ కావాలి, జనం కావాలి. వీటికి డబ్బు పెట్టేది నేవీ, ఆయిల్ కంపెనీ, లేదా ప్రభుత్వ పరిశోధన సంస్థ. సినిమావాళ్ళు చివర్న వస్తారు, అది కూడా టైటానిక్ సినిమా తీసిన జేమ్స్ కామెరాన్ లాంటి మొండివాడు ఉంటే. ఆయన 1995లో రష్యావాళ్ళ మీర్ సబ్‌మెర్సిబుల్స్‌లో టైటానిక్ దగ్గరికి పన్నెండుసార్లు దిగాడు. కిటికీ లోపల కెమెరా పెట్టుకుని తీస్తే చూపు అటూ ఇటూ తిరగదని, అంత ఒత్తిడికీ ఆగే హౌసింగ్ కొత్తగా చేయించి కెమెరాని సబ్ బయట బిగించాడు. ఆ హౌసింగ్ చేసింది ఆయన తమ్ముడు మైక్, ఇంజనీరు. కాబట్టి ఇక్కడ కెమెరా పెట్టె చేసేవాడు కెమెరా పట్టుకునేవాడికంటే ముందుంటాడు.

ఒత్తిడి అంటే అంకెల్లో అర్థం కాదు. 6,000 మీటర్ల దగ్గర చిటికెనవేలి గోరంత చోటు మీద ఆరువందల కిలోల బరువు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఇరవై నాలుగు గోరు మీద పేర్చినట్టు. మా ఓడలో ఒక సరదా ఉండేది, టీ తాగే థర్మాకోల్ కప్పు మీద పెన్నుతో ఇంటివాళ్ళ పేర్లు రాసి, వలసంచిలో వేసి ఆర్‌ఓవీకి కట్టి దింపేవాళ్ళం. పైకొచ్చేసరికి కప్పు చిట్టిగిన్నె అంత అయ్యి గట్టిపడిపోయి ఉంటుంది, రాసిన పేర్లు మాత్రం చెరగవు, అవీ చిన్నవై ఉంటాయి. మా పాప పేరున్నది ఇప్పటికీ టీవీ పక్కన ఉంది.

లైటింగ్ గురించి ఒక్క మాట, ఇది నీకు పనికొస్తుంది. పొగమంచులో భాకరాపేట ఘాట్ మీద హై బీమ్ వేస్తే ఏమవుతుంది? ముందంతా తెల్లగోడ. సముద్రంలోనూ అంతే, పైనుంచి చచ్చిన ప్లవకాల (నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల) ముక్కలు అదేపనిగా మంచులా రాలుతుంటాయి, మెరైన్ స్నో అంటారు. లైటు లెన్సు పక్కనే పెడితే ఆ తునకలన్నీ మెరిసి బొమ్మ పాడైపోతుంది. అందుకే లైట్లని చేతులు చాపినట్టు దూరంగా, పక్కలకి పెడతారు. ఇక అడుగున ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా తిప్పావా, బురద లేస్తుంది, అది కిందికి దిగేదాకా ఇంజన్ ఆపి కూర్చోవడమే. పైలట్ పనితనం అంతా అక్కడే తెలుస్తుంది. కొత్తవాడు జాయ్‌స్టిక్ తిప్పుతాడు, పాతవాడు టీ తెచ్చుకుంటాడు.

బీకాంతో ఆర్‌ఓవీ టెక్నీషియన్ కష్టం. ఎలక్ట్రానిక్స్, హైడ్రాలిక్స్ తెలిసినవాణ్ణే తీసుకుంటారు. ఒక హెచ్చరిక: కొన్ని వారాల్లో ట్రైనింగ్ ఇచ్చి ఆఫ్‌షోర్ ఉద్యోగం గ్యారంటీ అని లక్షలు అడిగే చోట్లు ఉన్నాయి. నేను అలాంటి ఒకదానికి మా నాయన రెండు పాడి ఆవుల్ని అమ్మిన డబ్బు కట్టాను, కంపెనీ పేరు కూడా లేని సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెట్టారు. ఉద్యోగం వచ్చింది తర్వాత రెండేళ్ళకి, వేరే దారిలో, జనరేటర్ రిపేర్ వచ్చని. నువ్వు ఆ ఉచ్చులో పడొద్దు.

---

బావిఈత

కేబుల్ అన్నా, చాలా థాంక్స్. కప్పు ఫోటో పెడతావా?

ఒక డౌట్. టైటానిక్‌ని చూడ్డానికి దిగి నాశనమైన టైటాన్ సబ్‌మెర్సిబుల్ వార్తని మా అమ్మ 2023లో టీవీలో చూసింది. నేను పేరెత్తితే చాలు "ఆ పేలిపోయిన దాంట్లోకా" అంటోంది. టెన్షన్ పడి రెండు రోజులు సరిగా తినలేదు. ఏం చెప్పమంటారు?

---

పలమనేరు_కేబుల్

పేలలేదు, లోపలికి నలిగిపోయింది. 2023 జూన్ 18న, లోపల అయిదుగురు. ఆ సబ్ పొట్ట కార్బన్ ఫైబర్‌తో చేసింది, బయటి సంస్థ ఏదీ పరీక్షించి సర్టిఫై చెయ్యలేదు, దిగినవాళ్ళకి ఆ సంగతి చెప్పే సంతకం పెట్టించుకున్నారు. మిగతా లోతు సబ్‌లు టైటానియమో స్టీలో గుండ్రటి గోళంలాగా చేస్తారు, ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడేలా. అమ్మకి ఇంతే చెప్పు, "అందులోకి కాదు, ఓడ మీద కూర్చుని తెర చూసే పని" అని. అబద్ధం కూడా కాదు.

అయినా ప్రమాదం ఎటునుంచి వస్తుందో ఎవరికి తెలుసు. మైక్ డీగ్రూయ్ అని పెద్ద అండర్‌వాటర్ కెమెరామన్, దశాబ్దాలు నీళ్ళలో పని చేశాడు. 2012 ఫిబ్రవరిలో కామెరాన్ టీమ్ పని మీదే ఆస్ట్రేలియాలో ఉండగా హెలికాప్టర్ కూలి పోయాడు. తర్వాతి నెలే, మార్చి 26న, కామెరాన్ ఒక్కడే మరియానా అగాధంలో 10,900 మీటర్ల కిందికి దిగి క్షేమంగా వచ్చాడు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత గోళంలో. ఇది అమ్మకి చెప్పొద్దులే.

---

జెల్లీచేప

సారీ, రాత్రికి అన్నాను, మర్నాడు రాస్తున్నాను. తిరుపతిలోనే ఎమ్మెస్సీ జువాలజీ చేసి ఇప్పుడు చెన్నై వైపు సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తున్నాను.

వీళ్ళిద్దరూ చెప్పినవి నిజమే, కానీ ఒకటి వదిలేశారు. లోతు సముద్రాన్ని చిత్రీకరించడంలో పెద్ద సమస్య ఒత్తిడి ఒక్కటే కాదు, మనమే. 1,000 మీటర్ల కింద సూర్యకాంతి అన్నదే లేదు. అక్కడ పుట్టి పెరిగిన ప్రాణి ముందుకి ఇంజన్ చప్పుడుతో, పెళ్ళి మండపంలోలా ఫ్లడ్ లైట్లు వేసుకుని పోతే ఏది నిలబడుతుంది? జెయింట్ స్క్విడ్‌ని (ఆక్టోపస్ లాంటి భారీ సముద్ర జీవి) వందేళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల్లోనే చూశారు. 2012లో జపాన్ ఒగసవారా దీవుల దగ్గర ఈడిత్ విడ్డర్ అనే శాస్త్రవేత్త ఏం చేసిందంటే, ఇంజన్ లేని కెమెరాని తాడుకి కట్టి దింపి, తెల్ల లైటు బదులు అక్కడి జీవుల కళ్ళకి ఆనని ముదురు ఎరుపు లైటు పెట్టింది. ఎరగా చేప ముక్క కూడా కాదు, ఆపదలో ఉన్న జెల్లీచేప నీలంగా మిణుకుమంటుంది కదా, అలా మెరిసే బొమ్మ ఒకటి. స్క్విడ్ వచ్చింది! నీలిబుడగ గారు ఎరుపు ముందు పోతుందన్నారే, ఆ పోవడాన్నే ఆవిడ వాడుకుంది. నా హ్యాండిల్ పేరు అక్కడిదే, ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను, ఎవరూ అడగలేదు.

లోతు సముద్రానికి తగ్గ కెమెరాలు లేని రోజుల్లో ఎలా ఉండేదో తెలుసా? 1934లో బెర్ముడా దగ్గర విలియం బీబీ, ఓటిస్ బార్టన్ ఇనప గోళంలో 923 మీటర్ల కిందికి దిగారు. బీబీ కిటికీలోంచి చూస్తూ టెలిఫోన్‌లో చెప్తుంటే పైన రాసుకున్నారు, తర్వాత ఒక చిత్రకారిణి ఆయన మాటల్ని బట్టి బొమ్మలు వేసింది. ఆ బొమ్మల్లో కొన్ని చేపల్ని మళ్ళీ ఎవరూ చూడలేదు, నిజంగా ఉన్నాయో లేవో కూడా వాదనే.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. చెన్నై పల్లికరణైలో ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ఉంది, తిరుపతిలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. మనుషుల్ని దింపే మన సబ్‌మెర్సిబుల్ మత్స్య 6000 చేస్తున్నది వాళ్ళే. ముగ్గురు కూర్చునే టైటానియం గోళం, 2.1 మీటర్ల వ్యాసం, గోడ మందం 80 మిల్లీమీటర్లు, 6,000 మీటర్ల కోసం. 2025 మొదట్లో కాట్టుపల్లి హార్బర్‌లో నీళ్ళలో దింపి పరీక్షించారు, మన తడ ఊరికి అంత దూరమేం కాదు. అదే ఏడాది ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రెంచ్‌వాళ్ళ నోటిల్ అనే సబ్‌లో అట్లాంటిక్‌లో దిగి వచ్చారు, ఒకరు 4,025, ఒకరు 5,002 మీటర్లు. మీకు అందులో సీటు దొరుకుతుందని చెప్పడం లేదు. కానీ ఇలాంటి ప్రాజెక్టులు, పరిశోధన ఓడలు పెరిగేకొద్దీ, తీసిన వందల గంటల ఫుటేజ్‌ని చూడగలిగేలా చేసేవాడు కావాలి. మా ల్యాబ్‌లో వీడియో అంటే ఎలా ఉంటుందో చూస్తే మీరు ఏడుస్తారు. రంగు దిద్దడం రాదు, ఎక్కడ కట్ చెయ్యాలో తెలీదు. బాగా ఎడిట్ చేసేవాణ్ణి మేం బీకామా అని అడగం.

మొదలుపెట్టడానికి ఒకటి చెప్పనా? జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ అనుమతి తీసుకుని, అక్కడ పనిచేసే వాలంటీర్లతో కలిసి రాత్రిపూట షూట్ చెయ్యండి. తెల్ల లైటు నిషిద్ధం, ఎర్ర లైటు మాత్రమే, అదీ తక్కువగా. తాబేలు గుంట తవ్వే గంటసేపు ఇసకలో కడుపు మీద పడుకుని చప్పుడు లేకుండా ఉండగలిగితే మీకు ఈ పని పడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. డైవింగ్ ఖర్చు కూడా లేదు. పులికాట్‌లో మాత్రం అండర్‌వాటర్ ప్రయత్నించకండి, చాలా చోట్ల నడుము లోతే, కెమెరా ముంచితే బురద తప్ప ఏమీ కనపడదు.

---

మామిడితాండ్ర

నేనేదో నవ్వులాటకి అన్నాను, మీరు పుస్తకం రాసేశారు. అంతా చదివాను. మా మేనల్లుడికి కూడా పంపించాను.

తమ్ముడూ, మీ నాయన బావిలో నీళ్ళు లేవు కదా. మాది బంగారుపాళెం దగ్గర తోట, రాతి బావి, ఈ ఏడు వానలకి నలభై అడుగులు నిలిచుంది. నీకు ఏదన్నా ముంచి చూసుకోవాల్సి వస్తే వచ్చి ముంచుకో. మోటారు ఆపిస్తాను.

---

నీలిబుడగ

ఇది మంచి ఆఫర్. హౌసింగ్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే మొదటిసారి కెమెరా పెట్టొద్దు. ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ కాగితం పెట్టి, రాయి కట్టి, తాడుతో నలభై అడుగులూ దింపి అరగంట ఉంచు. టిష్యూ పొడిగా ఉంటే సరే. నువ్వు మాత్రం దిగొద్దు, తాడే దిగాలి.

---

బావిఈత (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. చెన్నైలో ఒకతని దగ్గర పాత హౌసింగ్ దొరికింది, నా పాత కెమెరాకి సరిపోయేదే. నిన్న తాండ్ర అన్న వాళ్ళ తోటకి పోయాను. అన్న, వాళ్ళ అమ్మ, కూలికొచ్చిన నలుగురు, ఇద్దరు పిలకాయలు, అందరూ బావి చుట్టూ. పెద్దామె "ఏముంది నాయనా ఆ పెట్టెలో" అంటే "కాగితం" అన్నాను, ఆమె తాండ్ర అన్న వైపు చూసింది, అంతే, మళ్ళీ ఏమీ అడగలేదు.

గ్రీజు పట్టించాను, వేలితో చుట్టూ తడిమాను, టార్చ్ వేసి చూశాను, మూశాను. తాడుకి అయిదడుగులకొక ముడి వేసుకున్నా, ఎనిమిది ముళ్ళు వదిలాక రాయి నేలకి తగిలింది. అరగంట. ఆ అరగంటలో అందరికీ పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారం.

పైకి లాగి విప్పితే టిష్యూ ఒక మూల తడిసుంది. రెండు వేళ్ళంత. నా గుండె జారింది, మోసపోయానే అనుకున్నా. మళ్ళీ టార్చ్ వేసి చూస్తే ఓ రింగ్ కింద తెల్లటి పోగు ఒకటి నలిగి ఉంది. వెంట్రుక కాదు. టిష్యూ కొసే. పెద్దగా మడిచి పెట్టాను, మూత వేసేటప్పుడు అంచు బయటికొచ్చి ఇరుక్కుంది.

---

నీలిబుడగ

హహహ. టిష్యూ చిన్నది పెట్టు, మళ్ళీ దింపు.

---

మామిడితాండ్ర

ఆదివారం రా. ఈసారి మా అమ్మ సంకటి చేస్తానంది.